బ్రేక్‌లో బ్లాక్, వైట్ రెండూ పడితే ఫ్రేమ్ ఎవరిది?

మీరు అడిగిన సంగతిని ముందు రెండు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. గుంటూరు అరండల్‌పేటలో ఒక పార్లర్, విజయవాడ పటమటలో ఒక పార్లర్ కలిసి ఎయిట్ బాల్ అనే పూల్ ఆటకి లీగ్ పెట్టుకున్నాయి. మ్యాచ్ చివరి ఫ్రేమ్‌కి, అంటే చివరి ఆటకి వచ్చింది. పటమట కుర్రాడు బ్రేక్, అంటే పేర్చిన బాల్స్‌ను చెదరగొట్టే మొదటి షాట్, కొట్టాడు. బ్లాక్, అంటే చివర్లో వేయాల్సిన ఎనిమిదో నంబర్ బాల్, సైడ్ పాకెట్‌లో పడింది, వెనకే వైట్, అంటే క్యూతో కొట్టే తెల్ల బాల్, కార్నర్‌లో పడింది. గుంటూరు టీమ్ "బ్లాక్‌తో పాటు వైట్ కూడా పడితే ఓటమే, ఫ్రేమ్ మాది" అంది. పటమట టీమ్ "బ్రేక్‌లో బ్లాక్ పడితే మళ్లీ పేర్చి మళ్లీ కొట్టడమే" అంది. పార్లర్ ఓనర్ గారు "బ్లాక్ చుక్క మీద పెట్టండి, వైట్ ఎదుటివాడి చేతికివ్వండి" అన్నారు. ముగ్గురిలో ఎవరు కరెక్ట్ అని మీ ప్రశ్న.

ముగ్గురూ ఎక్కడో ఒకచోట ఉన్న నియమమే చెప్పారు. ఎవరూ గాలిలోంచి తీసి చెప్పలేదు. గొడవంతా మీ లీగ్ ఏ పుస్తకం ప్రకారం ఆడుతుందో ముందుగా రాసుకోకపోవడం వల్ల వచ్చింది. విజయవాడలో లోకల్ టోర్నమెంట్లకు చాలాకాలంగా రెఫరీగా నిలబడుతున్నాను. బ్రేక్ దగ్గర వచ్చినన్ని తగాదాలు ఆట మధ్యలో రావు. మధ్యలో వచ్చే ఫౌల్స్ గురించి అందరికీ ఇంచుమించు ఒకే అవగాహన ఉంటుంది: వైట్ పడితే ఎదుటివాడికి బాల్ ఇన్ హ్యాండ్ (వైట్‌ను చేత్తో పెట్టుకునే హక్కు), తన బాల్ కాకుండా వేరేది ముందు తగిలితే ఫౌల్. బ్రేక్ దగ్గరికి వచ్చేసరికి లీగ్ లీగ్‌కీ లెక్క మారిపోతుంది.

గుంటూరు వాళ్లు చెప్పింది అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్, అంటే ఏపీఏ నియమం. వాళ్ల దగ్గర బ్రేక్‌లో బ్లాక్ పడితే గెలుపు, బ్లాక్‌తో పాటు వైట్ కూడా పడితే ఓటమి. పటమట వాళ్లు చెప్పింది బ్రిటన్ పబ్బుల్లో ఎరుపు, పసుపు బంతులతో ఆడే పూల్ పద్ధతి. అక్కడ బ్రేక్‌లో బ్లాక్ పడితే శిక్ష ఏమీ లేదు. అన్నీ మళ్లీ పేర్చి అదే ఆటగాడు మళ్లీ బ్రేక్ చేస్తాడు. ఓనర్ గారు చెప్పింది వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్, అంటే డబ్ల్యూపీఏ నియమంలో సగం. మిగతా సగం ఏమిటంటే, బ్లాక్, వైట్ రెండూ పడినప్పుడు నిర్ణయం ఎదుటి ఆటగాడిది. కావాలంటే బ్లాక్‌ను చుక్క (పేర్చేటప్పుడు ముందు బాల్ ఉండే చోటు) మీద పెట్టించి, వైట్‌ను బ్రేక్ కొట్టే వైపు ఉండే లైన్ వెనక పెట్టుకుని ఆడొచ్చు. వద్దనుకుంటే మొత్తం మళ్లీ పేర్పించి తానే బ్రేక్ చేయొచ్చు. ఓనర్ గారు మొదటి దారి ఒక్కటే చెప్పి ఆపేశారు.

ఒకే ఆటకు ఇన్ని తీర్పులు ఎందుకు వచ్చాయో తెలిస్తే, మీ లీగ్‌కి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోగలరు. ఏపీఏను 1979లో టెర్రీ బెల్, లారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు మొదలుపెట్టారు. సాయంత్రం పని ముగించుకుని బార్లలో ఆడే మామూలు మనుషుల కోసం పెట్టిన లీగ్ అది. ఆ బార్లలో ఎక్కువగా ఉండేవి నాణెం వేస్తే బాల్స్ వదిలే చిన్న టేబుళ్లు. పాకెట్‌లో పడిన బాల్ లోపలి పెట్టెలోకి వెళ్లిపోతుంది, వైట్ మాత్రమే వేరే దారిలో బయటికి వస్తుంది. బ్లాక్ లోపలికి వెళ్లాక దాన్ని తీసి చుక్క మీద పెట్టాలంటే ఇంకో నాణెం వేయాలి. అలాంటి టేబుల్ మీద బ్లాక్ పడితే ఆట అక్కడితో అయిపోయిందనుకోవడమే వీలైన పద్ధతి. డబ్ల్యూపీఏ 1987లో ఏర్పడింది, దేశాల మధ్య పోటీలు దానికి ముఖ్యం. రెఫరీ ఉంటాడు, పాకెట్‌లోంచి బాల్ చేత్తో తీయొచ్చు. కాబట్టి అక్కడ బ్లాక్‌ను మళ్లీ టేబుల్ మీదికి తేవడం కష్టమేమీ కాదు.

మన గల్లీ క్రికెట్‌లో ఒక వీధిలో వన్ పిచ్ క్యాచ్ అవుట్, పక్క వీధిలో నాటౌట్. ఏ వీధివాళ్లూ తప్పు కాదు, వాళ్ల స్థలానికి తగ్గట్టు పెట్టుకున్నారు. పూల్‌లోనూ అదే జరిగింది. చిక్కల్లా రెండు వీధులవాళ్లు కలిసి ఆడినప్పుడే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "బ్రేక్ ఫౌల్‌కి రూల్ ఏంటి" అని ఒకే ప్రశ్నగా అడిగితే జవాబు దొరకదు. అందులో విడివిడిగా తేల్చాల్సినవి ఉన్నాయి. వాటిలో మొదటిది, నా అనుభవంలో ఎక్కువమంది కలిపేసేది: బ్రేక్ చాలకపోవడం వేరు, ఫౌల్ వేరు.

డబ్ల్యూపీఏ ప్రకారం బ్రేక్‌లో ఒక్క బాల్ అయినా పాకెట్‌లో పడాలి. ఏదీ పడకపోతే కనీసం నాలుగు బాల్స్ కుషన్‌ను (టేబుల్ రబ్బరు అంచును) తాకాలి. రెండూ జరగకపోతే అది చెల్లని బ్రేక్. ఇక్కడ లెక్కపెట్టేది రంగుల బాల్స్‌ని, వైట్‌ని కాదు. ఒకే బాల్ రెండు కుషన్లు తాకినా ఒకటే లెక్క. నాలుగు వేర్వేరు బాల్స్ తాకాలి. ఒక బాల్ పాకెట్‌లో పడితే ఈ లెక్కే అక్కర్లేదు, మిగతావి కదలకపోయినా బ్రేక్ చెల్లుతుంది.

బ్రేక్ చెల్లకపోతే ఎదుటి ఆటగాడికి మూడు దారులు ఉంటాయి. టేబుల్ ఉన్నది ఉన్నట్టు తీసుకుని ఆడొచ్చు. మళ్లీ పేర్పించి తానే బ్రేక్ చేయొచ్చు. మళ్లీ పేర్పించి అదే ఆటగాడితో మళ్లీ కొట్టించొచ్చు. గమనించండి, ఇందులో బాల్ ఇన్ హ్యాండ్ లేదు. మన పార్లర్లలో చాలామంది "నాలుగు తగల్లేదు, ఫౌల్, వైట్ నా చేతికివ్వు" అంటారు. వైట్ టేబుల్ మీదే ఉంటే, వేరే ఫౌల్ ఏదీ జరగకపోతే, డబ్ల్యూపీఏ ప్రకారం ఆ హక్కు లేదు.

ఏపీఏలో ఇదే పరిస్థితికి తీర్పు ఇంకోలా ఉంటుంది. అక్కడ బ్రేక్ సరిగా కాకపోతే మళ్లీ పేర్చి అదే ఆటగాడు కొడతాడు. ఆ చాలని బ్రేక్‌లోనే వైట్ కూడా పడితే, పేర్చాక బ్రేక్ అవతలివాడికి పోతుంది. ఇంకో తేడా ఉంది. ఏపీఏలో వైట్ ముందుగా రాక్ (ముక్కోణంగా పేర్చిన బాల్స్) ముందు బాల్‌నో, రెండో వరసలోని బాల్‌నో తాకాలి. డబ్ల్యూపీఏ ఎయిట్ బాల్‌లో అలాంటి షరతు లేదు, ఏ బాల్ ముందు తగిలినా పర్వాలేదు. బ్రిటన్ తరహా బ్లాక్‌బాల్ అనే పూల్ ఆటలో కుషన్ లెక్కే లేదు. ఒక బాల్ పడాలి, లేదా రెండు బాల్స్ అయినా సైడ్ పాకెట్ల మధ్య గీత గీసినట్టు ఊహించుకుంటే ఆ గీత దాటాలి. రెఫరీ కంటికి ఇది చాలా తేలిక. చాలాసార్లు బాల్స్ ఆగాక కూడా చూసి చెప్పగలం. నాలుగు కుషన్ల లెక్క అలా కాదు, ఆ రెండు సెకన్లలో చూడకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

అందుకే ఒక సలహా. నాలుగు కుషన్ల నియమం పెట్టుకుంటే ఎవరు లెక్కపెట్టాలో కూడా రాసుకోండి. బ్రేక్ కొట్టేవాడి వెనక నిలబడితే రాక్ వెనక ఏం జరిగిందో కనబడదు. టేబుల్ పొడుగువైపు, ఫుట్ కుషన్‌కి (రాక్ వైపు చివరి అంచుకి) దగ్గరగా నిలబడినవాడికే వెనక వరస, రెండు పక్కల కుషన్లు కనబడతాయి. మ్యాచ్ గట్టిది అయితే ఎవరైనా ఒకరు ఫోన్‌లో స్లో మోషన్‌లో తీస్తే చాలు. ఆట ఆపి పది నిమిషాలు వాదించే బదులు పది సెకన్లలో తేలిపోతుంది. కెప్టెన్లిద్దరూ దీనికి ముందే ఒప్పుకుంటే మ్యాచ్‌లో టెన్షన్ చాలా తగ్గుతుంది.

రెండోది, వైట్ పడినప్పుడు ఎదుటివాడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి. ఆట మధ్యలో వైట్ పడితే డబ్ల్యూపీఏలోనూ ఏపీఏలోనూ టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లో పడితే మాత్రం రెండు పుస్తకాలూ లైన్ వెనకే అంటాయి. ఆ లైన్ అంటే బ్రేక్ కొట్టే వైపు చివరి నుంచి రెండో డైమండ్‌ల (టేబుల్ అంచు మీది గుర్తుల) మధ్య అడ్డంగా ఉండే గీత. గీత గీసి లేకపోయినా ఉన్నట్టే అనుకోవాలి. స్నూకర్ నుంచి వచ్చినవాళ్లు 'డి' లోపలే పెట్టాలనుకుంటారు. పూల్‌లో 'డి' లేదు, గీత వెనక టేబుల్ వెడల్పంతా మీదే.

ఈ లైన్ వెనక నియమానికి ఒక షరతు ఉంది, చాలామంది ఇక్కడే దొరికిపోతారు. వైట్ లైన్ వెనక ఉంది, మీరు కొట్టాలనుకున్న బాల్ కూడా లైన్ వెనకే ఉంది అనుకోండి. దాన్ని నేరుగా కొట్టకూడదు. వైట్ ముందు గీత దాటాలి, అవతలి కుషన్ తాకి వెనక్కి వచ్చి దాన్ని కొట్టొచ్చు. లేదా గీత మీద గానీ, గీతకు ముందు గానీ ఉన్న బాల్‌ను కొట్టాలి. ఏ బాల్ ఎటువైపు ఉందో చూసేటప్పుడు బాల్ గుడ్డకు తాకే చోటు చూడాలి, బాల్ అంచు కాదు. అంచు గీత దాటి కనిపించినా తాకే చోటు వెనకే ఉంటే ఆ బాల్ వెనక ఉన్నట్టే.

వైట్ పెట్టేటప్పుడు కూడా ఇదే. వైట్ అడుగు గీత మీద ఉంటే అది వెనక ఉన్నట్టు కాదు. డబ్ల్యూపీఏ ప్రకారం అక్కడి నుంచి కొడితే ఫౌల్. అనుమానం ఉంటే కొట్టేముందు రెఫరీని అడిగి తేల్చుకోవచ్చు.

మరి మన పార్లర్లలో కొన్నిచోట్ల బ్రేక్ ఫౌల్‌కి కూడా వైట్ ఎక్కడైనా పెట్టుకోనిస్తారు. విజయవాడలో కాలేజీ కుర్రాళ్లు ఎక్కువగా ఆడే చోట ఇది బాగా చూశాను. "రూల్ ఒక్కటే ఉంటే గుర్తుంటుంది" అని వాళ్ల వాదన, అందులో న్యాయం లేకపోలేదు. నాకు మాత్రం అది నచ్చదు, కారణం చెబుతాను. బ్రేక్ తర్వాత టేబుల్ నిండా బాల్స్ ఉంటాయి, గ్రూపులు (ఎవరు ఏ రకం బాల్స్ వేయాలో) ఇంకా తేలలేదు. అలాంటి టేబుల్ మీద వైట్‌ను ఎక్కడైనా పెట్టుకోనిస్తే బాగా ఆడేవాడు అక్కడి నుంచే మొత్తం ఊడ్చేస్తాడు. మంచి ఆటగాడికి అది దాదాపు ఫ్రేమ్ ఇచ్చేసినట్టే. దానికి భయపడి బ్రేక్ చేసేవాడు బలం తగ్గిస్తాడు. మెల్లగా కొడితే రాక్ విడదు, నాలుగు బాల్స్ కుషన్‌కి చేరవు. అంటే ఒక తగాదాకి మందు వేయబోయి ఇంకో తగాదా తెచ్చుకున్నట్టు. లైన్ వెనక అంటే, తప్పు చేసినవాడికి దెబ్బ తగులుతుంది గానీ ఫ్రేమ్ అక్కడే పోదు. గట్టిగా బ్రేక్ కొట్టాలని ఆట కోరుకుంటున్నప్పుడు, గట్టిగా కొట్టినవాడిని మరీ అంతగా శిక్షించడం సరికాదు.

ఫౌల్ జరిగినా వైట్ టేబుల్ మీదే ఉన్న సందర్భం ఇంకొకటి ఉంది. అప్పుడు డబ్ల్యూపీఏలో ఎదుటివాడు రెండింట్లో ఒకటి ఎంచుకోవచ్చు: వైట్ ఉన్నచోటి నుంచే ఆడటం, లేదా లైన్ వెనక పెట్టుకోవడం. మనవాళ్లు అలవాటు కొద్దీ వైట్‌ను వెంటనే చేతిలోకి తీసుకుంటారు. ఒక్కసారి చుట్టూ నడిచి చూడండి. వైట్ టేబుల్ మధ్యలో ఆగి ఉంటే, తేలిక బాల్స్ రెండు లైన్ వెనక ఉంటే, ఉన్నచోటి నుంచే ఆడటం చాలా మేలు. చేతితో తాకాక ఇక నిర్ణయం మార్చుకోవడం కుదరదు.

మూడోది బాల్ టేబుల్ దాటి కింద పడటం. గట్టిగా కొట్టే కుర్రాళ్ల బ్రేక్‌లో ఇది తరచూ జరుగుతుంది. డబ్ల్యూపీఏలో రంగు బాల్ ఏదైనా టేబుల్ దాటితే ఫౌల్. పడిన బాల్‌ను మళ్లీ పెట్టరు, అది ఆట నుంచి పోయినట్టే. ఎదుటివాడికి పైన చెప్పిన రెండు దారులూ ఉంటాయి. బ్లాక్ దాటితే మాత్రం దాన్ని తెచ్చి చుక్క మీద పెట్టాలి. ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది, ఆట మధ్యలో బ్లాక్ టేబుల్ దాటితే ఫ్రేమ్ పోతుంది, కానీ బ్రేక్‌లో దాటితే పోదు. బ్లాక్‌తో ఫ్రేమ్ ఓడిపోయే నియమాలేవీ డబ్ల్యూపీఏలో బ్రేక్ షాట్‌కి వర్తించవు. గుంటూరు టీమ్ "ఓటమే" అనడానికి ఈ పుస్తకంలో ఆధారం లేదు, ఏపీఏలోనే ఉంది.

ఇక బ్లాక్ సంగతి. ఫౌల్ లేకుండా బ్రేక్‌లో బ్లాక్ పడితే డబ్ల్యూపీఏలో అది తప్పూ కాదు, గెలుపూ కాదు. కొట్టినవాడే ఎంచుకుంటాడు: బ్లాక్‌ను చుక్క మీద పెట్టించి మిగతావి ఉన్నట్టే ఆడటమా, మళ్లీ పేర్చి బ్రేక్ చేయడమా. ఏపీఏలో అదే గెలుపు. ఒక్క షాట్‌తో ఫ్రేమ్ గెలిచే అవకాశం ఉందంటే ఆటగాళ్లు దాని కోసమే కొట్టడం నేర్చుకుంటారు. వైట్‌ను పక్క కుషన్ దగ్గర పెట్టి, రాక్ ముందు బాల్‌ను వదిలేసి, రెండో వరస బాల్‌ను కొడతారు. సెకండ్ బాల్ బ్రేక్ అంటారు దీన్ని. రాక్ నడిమధ్యలో ఉన్న బ్లాక్ కదిలి సైడ్ పాకెట్ వైపు వెళ్లే అవకాశం ఈ కోణంలో పెరుగుతుంది. దీనికి ఒక ప్రమాదం కూడా ఉంది. వైట్ రాక్ పక్కకి జారి, కుషన్ తాకి కార్నర్‌లోకి పోతుంది. తెలిసినవాళ్లు అందుకే వైట్‌ను కిందిభాగంలో కొట్టి వెనక్కి లాగుతారు. మీరు రాసిన వివరం చూస్తే, బ్లాక్ సైడ్‌లో, వైట్ కార్నర్‌లో పడ్డాయంటే, పటమట కుర్రాడు అలాంటి బ్రేకే కొట్టి ఉంటాడనిపిస్తోంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. లీగ్ మ్యాచ్‌లో బ్రేక్ మీద బ్లాక్ పడితే గెలుపు అనే నియమం మనకొద్దు. ఎంత నేర్పుగా కొట్టినా బ్లాక్ పడటంలో అదృష్టం పాలు ఎక్కువ. వారమంతా ప్రాక్టీస్ చేసి గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చిన ఆటగాడు ఒక్క షాట్ కూడా కొట్టకుండా ఫ్రేమ్ ఓడిపోవడం నాకు బాధగా ఉంటుంది. దాని కవల నియమమైన "వైట్ కూడా పడితే ఓటమి" కూడా అంతే. మన టేబుళ్లలో బాల్స్ పాకెట్ వలలోంచో, ట్రేలోంచో చేత్తో తీసేవే, నాణేల పెట్టె కాదు. ఆ నియమం పుట్టిన కారణమే మన దగ్గర లేదు. సరదాగా సాయంత్రం ఆడుకునేటప్పుడు పెట్టుకుంటే అభ్యంతరం లేదు, ఉత్సాహంగానే ఉంటుంది. పాయింట్లు లెక్కపెట్టే లీగ్‌లో వద్దు.

గ్రూపుల గురించి ఒక్క మాట, ఇది ఫౌల్ కాదు గానీ బ్రేక్ దగ్గర దీనికీ గొడవ పడతారు. డబ్ల్యూపీఏలో బ్రేక్‌లో ఏ బాల్ పడినా టేబుల్ ఓపెన్‌గానే ఉంటుంది, అంటే ఎవరిది ఏ రకమో ఇంకా తేలదు. బ్రేక్ తర్వాత చెప్పి, ఫౌల్ లేకుండా వేసిన మొదటి బాల్‌తోనే సాలిడ్స్ (నిండు రంగువి), స్ట్రైప్స్ (పట్టీ ఉన్నవి) ఎవరివో తేలతాయి. ఏపీఏలో బ్రేక్‌లో ఒకే రకం బాల్ పడితే ఆ రకం కొట్టినవాడిదే అవుతుంది. కాబట్టి "బ్రేక్‌లో స్ట్రైప్ పడింది, నువ్వు స్ట్రైపే" అనేవాడిది, "లేదు, ఓపెన్" అనేవాడిది రెండూ విన్నమాటలే. ఏది కావాలో రాసుకోండి.

చిన్న ఫౌల్స్‌లో రెండే చెబుతాను. బ్రేక్ కొట్టేటప్పుడు క్యూ వైట్‌ను తాకే క్షణంలో ఒక్క పాదమైనా నేల మీద ఉండాలి. గట్టిగా కొట్టే ఊపులో రెండు కాళ్లూ గాలిలోకి లేచేవాళ్లు ఉన్నారు, అది ఫౌల్. ఊపు మొదలయ్యాక లేచి, తగిలాక గాలిలో ఉంటే ఫౌల్ కాదు, ఆ క్షణమే ముఖ్యం. రెండోది, బ్రేక్‌కి ముందు వైట్‌ను క్యూతో అటూ ఇటూ జరపడం. కొట్టే ఊపులా ముందుకు తోయనంతవరకు తప్పు లేదు. దీనికి కూడా ఫౌల్ అడిగేవాళ్లను చూశాను.

ఫోన్‌లో పూల్ గేమ్ ఆడి పార్లర్‌కి వచ్చే పిల్లలు ఇప్పుడు ఎక్కువ. వాళ్లకు ఆ గేమ్‌లో చూసిందే రూల్. వాళ్లను తప్పుపట్టక్కర్లేదు, ఆట మీద ఇష్టం అక్కడే పుట్టింది. కానీ యాప్ తనకు వీలైన పద్ధతి పెట్టుకుంటుంది, అది ఏ లీగ్‌కీ ప్రమాణం కాదు. గోడ మీద మీ లీగ్ నియమాలు ఒక పేజీ అతికిస్తే వాళ్లే ముందుగా చదువుతారు.

మన ఊళ్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. కృష్ణ పక్కన ఉన్న బెజవాడలో ఉక్క సంగతి మీకు తెలిసిందే, గుంటూరులో వానాకాలం అంతకు తక్కువేమీ కాదు. టేబుల్ మీది గుడ్డ తేమ పీల్చుకుంటే బాల్స్ త్వరగా ఆగిపోతాయి. జనం వచ్చేదాకా ఏసీ వేయని పార్లర్లలో సాయంత్రం మొదటి మ్యాచ్‌కీ, రాత్రి ఏసీ చాలాసేపు తిరిగాక జరిగే మ్యాచ్‌కీ టేబుల్ వేగం తేడాగా ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో ఎంత గట్టిగా కొట్టినా మూడు బాల్సే కుషన్ చేరడం చూశాను. మ్యాచ్‌కి కనీసం గంట ముందు ఏసీ వేయించండి, గుడ్డను బ్రష్ చేయించండి, బాల్స్ తుడిపించండి. చాక్, చేతుల జిడ్డు అంటిన బాల్స్ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కదులుతాయి.

అంతకంటే ముఖ్యం రాక్ పేర్చడం. బాల్స్ మధ్య వెంట్రుక వాసి ఖాళీ ఉన్నా దెబ్బ బలం సరిగా అందదు, వెనక వరస కదలదు. చుక్క దగ్గర గుడ్డలో గుంట పడిన పాత టేబుళ్ల మీద ముందు బాల్ ఎంత పెట్టినా వెనక్కి జారుతుంది. ట్రయాంగిల్ తీశాక ఫోన్ టార్చ్ వేసి పక్క నుంచి చూస్తే ఖాళీలు తెలుస్తాయి. ఈ మధ్య పలచటి ప్లాస్టిక్ షీట్‌లా ఉండే రాక్‌లు దొరుకుతున్నాయి, బాల్స్ వాటి గుంటల్లో ఆనుకుని కూర్చుంటాయి. లీగ్ డబ్బులతో రెండు పార్లర్లకూ ఒక్కోటి కొనండి. చెల్లని బ్రేక్‌ల గొడవ సగం అక్కడే పోతుంది. పేర్చేటప్పుడు బ్లాక్ నడిమధ్యలో, వెనక రెండు మూలల్లో ఒకటి సాలిడ్, ఒకటి స్ట్రైప్ ఉండేలా చూడండి. బ్రేక్ చేసేవాడికి రాక్ చూసుకునే అవకాశం ఇవ్వండి. చూసి సరే అన్నాక ఇక రాక్ మీద ఫిర్యాదు వినకూడదు.

ఇప్పుడు మీ లీగ్ కాగితానికి. నేనైతే ఇలా రాస్తాను, కావాలంటే అలాగే తీసుకోండి: "మన లీగ్ డబ్ల్యూపీఏ ఎయిట్ బాల్ నియమాల ప్రకారం ఆడుతుంది. బ్రేక్‌లో బాల్ ఏదీ పడకుండా, నాలుగు బాల్స్ కుషన్ తాకకపోతే ఎదుటి ఆటగాడు టేబుల్ ఉన్నట్టే తీసుకోవచ్చు, మళ్లీ పేర్పించి తాను బ్రేక్ చేయొచ్చు, లేదా అదే ఆటగాడితో మళ్లీ చేయించొచ్చు. బ్రేక్‌లో వైట్ పడితే వైట్ లైన్ వెనక. బాల్ టేబుల్ దాటితే ఫౌల్, బ్లాక్ తప్ప మిగతావి మళ్లీ పెట్టరు. బ్రేక్‌లో బ్లాక్ పడటం గెలుపు కాదు, ఓటమి కాదు. ఫౌల్ లేకపోతే కొట్టినవాడు, వైట్ కూడా పడితే ఎదుటివాడు నిర్ణయిస్తారు. చాలని బ్రేక్‌లోనే వైట్ కూడా పడితే ఎదుటివాడు చెల్లని బ్రేక్‌కి ఉన్న అవకాశాల్లో ఒకటి గానీ, వైట్‌ను లైన్ వెనక పెట్టుకోవడం గానీ ఎంచుకోవచ్చు. బ్రేక్ తర్వాత టేబుల్ ఓపెన్." ఆ చివరి నుంచి రెండో వాక్యం స్పష్టత కోసం నేను చేర్చింది, దాన్ని తప్పక ఉంచండి, ఆ సందర్భం వస్తుంది. కింద కెప్టెన్లిద్దరూ సంతకం పెట్టాలి. నియమాల కొత్త ఎడిషన్లు వస్తుంటాయి కాబట్టి ఏ సంవత్సరం ఎడిషన్ అనేది కూడా రాయండి, సీజన్ మధ్యలో మార్చకండి.

ఆగిపోయిన మీ ఫ్రేమ్ విషయం. రాసుకున్న నియమం లేనప్పుడు ఆ ఫ్రేమ్‌ను గుంటూరుకు ఇవ్వడం న్యాయం కాదు. పటమట కుర్రాడికే మళ్లీ బ్రేక్ ఇవ్వడం కూడా కాదు, వైట్ పడింది మరి. ఓనర్ గారి మాట ప్రకారం ఆడిద్దామంటే, టేబుల్ ఆ రోజే చెదిరిపోయింది కాబట్టి బాల్స్ ఉన్నచోట్లు మళ్లీ పెట్టలేరు. డబ్ల్యూపీఏలో ఎదుటివాడికి ఉన్న రెండో దారి ఒక్కటే ఇప్పుడు వీలవుతుంది: మళ్లీ పేర్చి గుంటూరు ఆటగాడు బ్రేక్ చేయాలి. ఆ ఒక్క ఫ్రేమే ఆడించండి, మిగతా స్కోర్ అలాగే ఉంచండి. టేబుల్ విషయంలో పేచీ వస్తే మొదటి మ్యాచ్ జరిగిన టేబుల్ మీదే పెట్టండి.

ఇక ముందు బ్లాక్‌ను చుక్క మీద పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ చుక్క మీద వేరే బాల్ ఉంటే ఏం చేయాలని కూడా అడిగారు. దాన్ని కదపకూడదు. చుక్క నుంచి ఫుట్ కుషన్ వైపు టేబుల్ నడుమ నిలువుగా గీత ఉన్నట్టు అనుకుని, ఆ గీత మీద చుక్కకు వీలైనంత దగ్గరగా, అడ్డున్న బాల్‌కు ఆనించి బ్లాక్‌ను పెట్టాలి. అడ్డున్నది వైట్ అయితే ఆనించకుండా సన్నటి సందు వదలాలి.